ఐదుంబావు లైట్లు

ఆ ఏడు మిరపకాయ కోతలూ ఒక్కపొద్దులూ ఒకేసారి వచ్చాయి. రంజాన్ ఉపవాసాన్ని మా నూర్‌బాషాల ఇళ్ళలో ఒక్కపొద్దు అనే అంటారు. నేను పదో తరగతి. అమ్మా నాన్నా తెల్లవారుజామునే కౌలు చేలోకి వెళ్ళి, రాత్రి ఎనిమిదికి గానీ ఇల్లు చేరేవాళ్ళు కాదు. నాకు బళ్ళో స్టడీ అవర్స్ ఆరింటిదాకా. నడిచి ఇంటికొచ్చేసరికి ఆరున్నర దాటేది. అప్పటిదాకా ఇంట్లో మా నాయనమ్మ జోహరాబీ ఒక్కతే.

నాయనమ్మకి మతిమరుపు మొదలై రెండేళ్ళయింది. పగలంతా బాగానే ఉండేది. మిరపకాయలకి తొడిమలు తీసేది, కోళ్ళని అదిలించేది, కాకపోతే నన్ను మా అత్త పేరుతో పిలిచేది. పొద్దు వాలేటప్పుడే ఆమెని పట్టడం కష్టం. "మంచు పడే వేళయింది, దూది బయటుంది," అంటూ లేచేది. మా తాత దూదేకే మనిషి. ఏకిన దూదిని చాపల మీద పరిచి ఆరబెట్టేవాళ్ళట. తాత పోయి ఇరవయ్యేళ్ళయింది. దూదేకే విల్లు అటక మీద చెదలు తినేసింది. అయినా చీకటి పడబోతోందని కంటికి తెలియగానే ఆమె ఆ దూదిని లోపలికి తేవడానికి బయల్దేరేది.

జనవరి ఆఖర్లో ఒకరోజు అలాగే మార్టూరు రోడ్డెక్కింది. గ్రానైట్ రాళ్ళ లారీ ఆమెకి బారెడు దూరంలో ఆగింది. రాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే ఎలీషా బాబాయి ఆమెని బండి మీద ఎక్కించుకొచ్చి మా గుమ్మంలో దించి, నాన్న చేలోంచి వచ్చేదాకా ఉన్నాడు.

"సలీమన్నా, ఈసారికి నేను చూశా కాబట్టి సరిపోయింది. ఆ లారీలోడు బ్రేకు కొట్టకపోతే పెద్దమ్మ మనకి మిగిలేది కాదు," అన్నాడు.

మర్నాడు నాన్న పడకగది తలుపుకి బయటివైపు గొళ్ళెం బిగించాడు.

"కోతలయ్యేదాకానే," అన్నాడు అమ్మతో. "నాలుగింటికి పక్కింటి కోటిరత్నం వదినొచ్చి వేస్తది. నగ్మా బడి నుంచొచ్చి తీస్తది."

నగ్మా అంటే నేనే. మొదటిరోజు ఆ గొళ్ళెం తీసింది నేనే. నాయనమ్మ తలుపు వెనక నేల మీద కూర్చుని ఉంది. తలుపు బాది బాది రెండు అరిచేతులూ వాచాయి. ఆమె నా ముఖంలోకి చూడలేదు. చేతులు ఒళ్ళో దాచుకుంది.

"నేనేం దొంగిలించానమ్మా?" అని అడిగింది.

నేను ఎక్కువ మాట్లాడే పిల్లని కాదు. ఇంట్లో అడగాల్సినవి కూడా డైరీలో రాసుకుని ఊరుకుంటాను. ఆ పూట అన్నాల దగ్గర మాత్రం నోరు తెరిచాను.

"నాన్నా, గొళ్ళెం వద్దు. పొద్దుగూకకముందే ఇల్లంతా లైట్లేసి ఉంచమన్నాడుగా డాక్టరు? చీకటి పడటం ఆమెకి తెలియకపోతే లేవదన్నాడు."

"అన్నాడులే. ముందే వేసి పోతే కరెంటు బిల్లెవరు కడతారు? టైముకి ఎవరెయ్యాలి ఆ లైట్లు? మీ కోటిరత్నం పెద్దమ్మ గేదెలు పిండుకునే వేళ అది. రోజూ ఆమెని పిలుస్తామా?"

"వాటంతటవే వెలుగుతయ్. టైముకి. నేను చేస్తాను."

నాన్న ముద్ద నోటి దగ్గర ఆపి నన్నే చూశాడు. అంత పొడుగు మాట నా నోట విని ఎన్నాళ్ళయిందో అనుకుని ఉంటాడు.

"ఏందీ, మనింటికా? సినిమాలో చప్పట్లు కొడితే వెలుగుతయ్యే, అట్టానా?"

"చప్పట్లు కూడా అక్కర్లేదు."

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న నవ్వలేదు గానీ, "పది రోజులు చూస్తా. ఆమె ఒక్కసారి గడప దాటిందా, గొళ్ళెమే," అన్నాడు.

మా బళ్ళో ల్యాబు ఉంది. ప్రభుత్వం ఇచ్చిన బోర్డులూ సెన్సార్లూ అందులో సగం పెట్టెలు విప్పకుండానే ఉన్నాయి. వాటిని చూసుకునేది ఫిజిక్స్ చెప్పే జక్రయ్య సార్. ఎదురుగా వెళ్ళి అడగలేక, ఏమేం కావాలో కాగితం మీద రాసి రికార్డు పుస్తకంలో పెట్టి ఇచ్చాను. మర్నాడు సార్ క్లాసు మధ్యలోనే ఆ కాగితం ఎత్తి పట్టుకున్నారు.

"ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి, ఏకంగా ఇల్లంతా ఆటోమేషన్ చేస్తానంటోంది. చప్పట్లు కొట్టండ్రా!"

నేను బల్లలో దూరిపోయాను. కానీ ఆ సాయంత్రమే సార్ అన్నీ తీసిచ్చారు. ప్రోగ్రాం రాయడానికి ల్యాబు ల్యాప్‌టాప్, వైఫై ఉన్న చిన్న బోర్డు ఒకటి, దాని మాట విని స్విచ్చులు వేసే నాలుగు రిలేల పలక, నెట్ లేకపోయినా, కరెంటు పోయినా టైము మర్చిపోని గడియారం ముక్క. ఆ గడియారానికి నాణెమంత బ్యాటరీ ఉంటుంది. "ప్రోగ్రాం నువ్వు రాసుకో. ఇంటి కరెంటు మాత్రం నీ చేతికివ్వను. ఆదివారం నేనే వచ్చి వైర్లు కలుపుతా," అన్నారు.

ప్రోగ్రాం పెద్దదేమీ కాదు. గంట పదిహేడు, నిమిషం పదిహేను అయితే నాలుగు లైట్లూ వెలగాలి. గంట ఇరవై రెండు అయితే ఆరాలి. మా ఇంటికి గోడలు లావు, వాకిలి తూర్పుకి. ఐదున్నరకే నడిమింట్లో చీకట్లు ముసురుతాయి. అందుకని ఐదుంబావు.

ఆదివారం సార్ వచ్చి వైర్లు కలిపారు. సరిగ్గా ఐదుంబావుకి ఇంట్లో అప్పటిదాకా వెలుగుతున్న లైట్లన్నీ టక్కున ఆరిపోయాయి.

"భలే! ఉన్నయ్యి కూడా ఆర్పిందిరా మీ పిల్ల," అంది కోటిరత్నం పెద్దమ్మ గోడ అవతల నుంచి. నాన్న మొదటిసారి గట్టిగా నవ్వాడు. నాకు నేల చీలితే బావుండనిపించింది. ఆ రిలేల పలక తిరకాసుది. ఆన్ అంటే ఆఫ్, ఆఫ్ అంటే ఆన్. సార్ మెల్లగా చెబితే రెండు పదాలు అటూ ఇటూ మార్చాను. మర్నాడు సరిపోయింది.

పది రోజులు నాయనమ్మ గడప దాటలేదు. బడి నుంచి వచ్చేటప్పుడు చెరువుకట్ట మలుపులో ఆగి చూసేదాన్ని. ఊరి చివర, ఇంకా ఎవరూ దీపం పెట్టని వేళ, మా ఇల్లొక్కటే అన్ని కిటికీల్లోంచీ వెలుగుతూ కనపడేది. లోపల నాయనమ్మ మంచం మీద కుదురుగా కూర్చుని ఉండేది. దూది మాట లేదు. డైరీలో రోజూ ఒకే వాక్యం రాశాను: "నాలుగూ వెలిగాయి. నాయనమ్మ లేవలేదు." ఆ పేజీలు తిరగేస్తే ఇప్పటికీ నా దస్తూరీ అంత గుండ్రంగా ఇంకెక్కడా లేదు.

నాన్న గొళ్ళెం జోలికి పోలేదు. పీకి పారెయ్యనూ లేదు.

ఇంతలో రంజాన్ నెలవంక కనపడింది. నాయనమ్మని ఒక్కపొద్దుండొద్దని డాక్టరు ముందే చెప్పాడు. అమ్మ చెప్పింది, నాన్న కోప్పడ్డాడు. ఆమెకి మనవరాలి పేరు గుర్తులేదు, పొద్దున ఏం తిన్నదో గుర్తుండదు, ఒక్కపొద్దు మాత్రం మర్చిపోలేదు. తెల్లవారకముందు తినే సహరికి అందరికన్నా ముందు లేచి కూర్చునేది. పగలు గ్లాసుతో నీళ్ళిస్తే మూతి తుడుచుకుని పక్కకి తిరిగేది. "పెళ్ళయిన కాడ్నించీ ఒక్కటి పోగొట్టుకోలా. కాన్పులప్పుడు పోయినయ్యి కూడా తర్వాత తీర్చేశా," అనేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె పాత నాయనమ్మలాగే ఉండేది. అమ్మ ఓడిపోయి, రోజూ చేలోకి వెళ్ళేముందు రెండు ఖర్జూరాలు ఆమె కొంగున ముడేసి, మంచం పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి వెళ్ళేది.

పన్నెండో ఒక్కపొద్దు నాడు మాకు హాల్ టికెట్లిచ్చి తొందరగా వదిలేశారు. నేను ఇంటికొచ్చేసరికి ఐదు. కోటిరత్నం పెద్దమ్మ ఆ రోజు గేదెల పని ముందే ముగించుకుని, మా వసారాలో కూర్చుని దారాలకి మిరపకాయలు గుచ్చుతోంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆదివారాలూ చేలో కోతకే పోయేదాన్ని కాబట్టి, నా లైట్లు వెలగడం నేనెప్పుడూ దగ్గరుండి చూడలేదు.

ఐదుంబావుకి రిలేలు టక్‌టక్‌మన్నాయి. ఇల్లంతా వెలిగింది. లోపల నాయనమ్మ మంచం మీంచి లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. ట్యూబులైటు వైపు తిరిగి, చెయ్యి నొసటికి తాకించి సలాం చేసింది. పెదాలు కదిలించి దువా చదువుకుంది. తర్వాత కొంగు ముడి విప్పి ఖర్జూరం నోట్లో పెట్టుకుని, చెంబెత్తి గటగటా నీళ్ళు తాగింది.

బయట ఎండ ఇంకా ఎర్రబడలేదు. పొద్దుగూకడానికి గంట ఉంది.

నేను లేవబోయాను. పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"రోజూ ఇంతేగా, అట్టా బిత్తరపోతావేంది?"

"రోజూనా?"

"మరి? గేదెల దగ్గర్నించి గోడ మీదుగా చూస్తన్నాగా, నీ లైట్లు పడటం, పిన్ని నీళ్ళు తాగటం. మీ మసీదు పక్కూళ్ళో ఉంది, అక్కడి కేక ఇక్కడికి వినపడదుగా. మీ తాత ఉన్నప్పుడు గట్టెక్కి పడమర చూసొచ్చి లాంతరెలిగించి గూట్లో పెట్టేవాడు. అది ఎలిగితేనే ఇంట్లో ఆడోళ్ళు నోట్లో నీళ్ళు పోసుకునేది. నాకు పెళ్ళై ఈ ఊరొచ్చిన కొత్తల్లో చూసి వింతగా చెప్పుకునేవాళ్ళం." ఆమె సూది ఆపింది. "ఏమే, ఇంకా టైము కాలేదా?"

నేను తలూపాను, కాలేదని.

"అయ్యో," అంది పెద్దమ్మ.

పన్నెండు ఒక్కపొద్దులు. పన్నెండూ గంట ముందు విడిచింది. నేనే విడిపించాను. లైట్లు పనిచెయ్యడం వెనక సంగతి కూడా అప్పుడే అర్థమైంది. వెలుతురు చూసి ఆమె కుదుటపడలేదు. దీపం పెట్టేశారంటే దూది ఎవరో లోపలికి తెచ్చేశారని, ఆ రోజు పని అయిపోయిందని అనుకునేది.

రాత్రి అమ్మ చేతులకి నూనె రాసుకుంటుంటే చెప్పాను. మిరప ఘాటుకి ఆమె వేళ్ళు మండుతూ ఉంటాయి.

"ఆమెకి తెలియకుండా జరిగింది. అల్లా ఆమెని అడగడు," అంది అమ్మ.

"మనల్ని?"

"మనకి తెలిసిందిగా ఇప్పుడు. మీ నాన్నకి చెప్పకు. లైట్లు పీకి గొళ్ళెం వేస్తాడు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. ఆమెకున్నది అదొక్కటే," అంది.

రెండు రోజులు ఆలోచించాను. లైట్లు పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళయ్యాకే వెలిగిస్తే ఆమె అంతకుముందే చీకటి చూసి రోడ్డెక్కుతుంది. ముందే వెలిగిస్తే ముందే విడుస్తుంది. చివరికి నాకు తెలివిగా తోచింది ఒకటే. మూడు లైట్లు మధ్యాహ్నం రెండింటికే, ఎండలోనే వెలగాలి. వాటిని ఆమె పట్టించుకోదు, చీకటీ తెలియదు. నాలుగోది, వసారా బల్బు, దాన్ని విడిగా మగ్రిబ్ వేళకి పెట్టాను. మసీదు వాళ్ళిచ్చిన రంజాన్ క్యాలెండర్ చూసి మిగిలిన రోజులన్నిటి టైములూ ప్రోగ్రాంలో ఎక్కించాను. ఆ బల్బుకి ఆకుపచ్చది కొన్నాను.

ఆదివారం పక్కన కూర్చుని నేర్పాను.

"నాయనమ్మా, ఈ తెల్లవి లెక్కలేదు. అదిగో, ఆ పచ్చది వెలిగితేనే దీపం పెట్టినట్టు."

"పచ్చది," అంది.

"పచ్చది వెలిగాకే నీళ్ళు."

"తెలుసులేవే. నాకు చెబుతోంది, నిన్న పుట్టి."

ఆరూ ఇరవైకి పచ్చ బల్బు వెలిగింది. నేను చెయ్యి పెట్టి చూపించాను. ఆమె సలాం చేసింది, ఖర్జూరం తింది. ఆమెతోపాటు నేనూ తిన్నాను. ఆ నెలలో మేమిద్దరం కలిసి విడిచిన ఒక్కపొద్దు అదొక్కటే.

సోమవారం మాకు గ్రాండ్ టెస్టు, సాయంత్రం ఏడింటిదాకా. పొద్దున బడికి వెళ్తూ కోటిరత్నం పెద్దమ్మ ఇంటి దాకా వెళ్ళాను. మగ్రిబ్ వేళకి ఒక్కసారి వచ్చి నాయనమ్మకి పచ్చ బల్బు చూపించి వెళ్ళమని చెప్పాలి. అంతే. గుమ్మంలోకి వచ్చేసరికి లోపల అద్దంకి నుంచి చుట్టాలొచ్చి ఉన్నారు. కుర్చీల్లో కొత్త మగవాళ్ళు నలుగురు. ఒకాయన నావైపు చూసి, "ఎవరమ్మా?" అన్నాడు. "ఏం లేదండి," అని వెనక్కి తిరిగి వచ్చేశాను.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. నాలుగింటికల్లా గాలి లేచింది. కల్లాల్లో ఊరందరి మిరపకాయలూ ఆరబోసి ఉన్నాయి. నేను పరీక్ష రాస్తుంటే కిటికీలోంచి జనం పరదాలు మోసుకుంటూ పరుగెత్తడం కనపడింది. అమ్మా నాన్నా కల్లంలో ఉండిపోయారు. పెద్దమ్మ వాళ్ళు చుట్టాలతో సహా వాళ్ళ కల్లానికి పోయారు. వాన గంటన్నర కురిసింది. నేను తడుస్తూ ఇంటికొచ్చేసరికి ఏడూ నలభై.

కరెంటు పోలేదు. మూడు తెల్ల లైట్లూ వెలుగుతున్నాయి. వసారాలో పచ్చ బల్బూ వెలుగుతోంది. చెంబు నీళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నాయనమ్మ మంచం కింద ఒక పక్కకి పడి ఉంది. కుడిచెయ్యి గుప్పిట మూసి ఉంది.

తల ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళు తెరిచింది. పెదాలు అట్టకట్టి ఉన్నాయి.

"దీపం పెట్టారా?" అంది.

"పెట్టారు నాయనమ్మా. పెట్టారు. తాగు."

నీళ్ళు పెదాల పక్కనుంచి మెడ మీదికి జారిపోయాయి.

అద్దంకి ఆసుపత్రిలో నాలుగు రోజులు పెట్టారు. ఒంట్లో ఉప్పు పడిపోయిందన్నారు, సెలైన్లు ఎక్కించారు. కోటిరత్నం పెద్దమ్మ చూడటానికి వచ్చి నన్ను పక్కకి పిలిచింది. "మా ఇంటిదాకా వచ్చి తిరిగి పోయావంటగా. మా తమ్ముడు చెప్పాడు. ఒక్కమాట చెబితే నా పనులన్నీ మానుకుని కూర్చునేదాన్ని కదే," అంది. తిట్టలేదు. తిడితే బావుండేది.

జక్రయ్య సార్ కూడా వచ్చారు. ల్యాప్‌టాప్‌లో నా ప్రోగ్రాం అంతా చూశారు.

"నీ కోడ్‌లో తప్పేం లేదమ్మా," అన్నారు, ఓదార్పుగా.

"లేదు సార్. రాసింది రాసినట్టే చేసింది," అన్నాను.

ఇంటికొచ్చిన మర్నాడు, ఇరవయ్యో ఒక్కపొద్దు నాడు, పట్టపగలు పన్నెండింటికి నాయనమ్మ అన్నం అడిగింది. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఆకలేస్తంది. వండలేదా?" అంది నాయనమ్మ మళ్ళీ.

అమ్మ సహరిలో మిగిలిన పప్పన్నం పెట్టింది. ఆమె చక్కగా కలుపుకుని, వేళ్ళు నాకుతూ తినేసింది. అమ్మ వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. సాయంత్రం నేను లైట్లు వెలగకుండా ఆపి చూశాను. చీకటి పడింది. నడిమింట్లో ఆమె ఉన్న మంచం కూడా కనపడనంత చీకటి పడింది. ఆమె లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు.

నాన్న అప్పుడే గొళ్ళెం మరలు విప్పాడు. "అల్లా దయ. ఆసుపత్రి మందులు పనిచేసినట్టున్నయ్. అమ్మ కుదుటపడింది," అన్నాడు. ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత నెమ్మది కనపడింది. నేను కాదనలేదు. బోర్డూ రిలేలూ గుడ్డలో చుట్టి సార్‌కి ఇచ్చేశాను.

ఆఖరి ఒక్కపొద్దు నాటికి కోతలు అయిపోయాయి. ఆ నెలలో మొదటిసారి అందరం ఇంటి దగ్గరే ఉన్నాం. వసారాలో చాప పరిచి అమ్మ గంజి గిన్నెలు సర్దింది, వడలు వేయించి తెచ్చింది. నాన్న చేతిలో ఫోను పట్టుకుని టైము చూస్తున్నాడు. మా మధ్యలో కూర్చున్న నాయనమ్మ అప్పటికే రెండు వడలు తినేసి మూడోదానికి చెయ్యి చాపింది. గిన్నె ముందు చేతులు కట్టుకుని కూర్చున్న మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది.

"ఏందే, ముందర పెట్టుకుని అట్టా కూర్చున్నారు? చల్లారిపోతది, తినండి."

"ఇంకో రెండు నిమిషాలమ్మా," అన్నాడు నాన్న, ఫోను మీంచి చూపు తియ్యకుండా.

"రెండు నిమిషాలకి ఏమొస్తది?" అని అడిగింది నాయనమ్మ, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.